ముడతల గింజ నకిలీ విత్తనం కాదు

ప్రశ్న: స్వీట్‌కార్న్ వేద్దామని విత్తనం కొన్నాను. పొట్లం విప్పితే గింజలన్నీ ఎండుద్రాక్షలా ముడుచుకుని తేలికగా ఉన్నాయి. దుకాణదారు 'అవి అంతే' అంటున్నాడు. పోయిన పంటలో కొన్ని పొత్తుల్లో అక్కడక్కడా గింజలు గట్టిగా, చప్పగా వచ్చాయి. గట్టు అవతల కోళ్ల దాణాకు వేసే మొక్కజొన్న ఉంది. ఇది నకిలీ విత్తనమా? జన్యుమార్పిడి చేసినదా? – ఒక రైతు, చేవెళ్ల

జవాబు: దుకాణదారు నిజమే చెప్పాడు. తీపి బాగా ఎక్కువగా ఉండే రకాల విత్తనం ఎండితే ముడుచుకోవాల్సిందే. గుండ్రంగా నిగనిగలాడుతుంటేనే నేను అనుమానిస్తాను. విత్తన పరీక్షశాలలో పనిచేసిన రోజుల్లో, కొత్తగా చేరినవారు ఈ గింజలను తాలు అనుకుని ఏరి పారేయబోతే ఆపడం నాకు అలవాటైపోయింది.

మామూలు మొక్కజొన్నలో ఆకుల నుంచి వచ్చిన చక్కెర గింజలో పిండిగా మారుతుంది. ఆ మార్పును మొదలుపెట్టే ఎంజైముకు కావలసిన జన్యువొకటి మూడో క్రోమోజోముపై ఉంది. మీ విత్తనంలాంటి రకాల్లో ఉండే 'ష్రంకెన్-2' అనే ఉత్పరివర్తనంలో, అంటే జన్యువులో వచ్చిన మార్పులో, అదే చెడిపోయింది. ఫలితంగా పిండి సరిగా పట్టదు, చక్కెర పేరుకుంటుంది. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది కనుక పచ్చి గింజ నిండుగానే కనిపిస్తుంది. ఎండి నీరు పోయాక లోపల పిండి చాలక పైపొర కుంగిపోతుంది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ లాఫ్నన్ ఇలాంటి గింజలను నమిలి చూసి, ఆ తీపి సంగతిని 1953లో ప్రకటించారు. అంతకుముందు వీటిని పంటగా ఎవరు చూస్తారు? ఉన్న జన్యువు చెడటమే తప్ప బయటి జన్యువును చొప్పించిన విత్తనం కాదిది. మన దేశంలో జన్యుమార్పిడి మొక్కజొన్న సాగుకు అసలు అనుమతే లేదు.

ఇక గట్టి గింజలు. అది గట్టు అవతలి పుప్పొడి చేసిన పని. గింజలో పిండి నిండే అంకురచ్ఛదంలో జన్యువులు రెండు వంతులు తల్లి మొక్కవి, ఒక వంతు పుప్పొడిది. చెడిన జన్యువులు రెండున్నా, పుప్పొడి తెచ్చిన బాగున్న జన్యువు ఒక్కటి చాలు, ఆ గింజలో పిండి పట్టేస్తుంది. అందుకే నష్టం మరుసటి పంటదాకా ఆగకుండా అదే పొత్తులో, గింజ గింజకూ తేడాగా బయటపడుతుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. పాత రకం స్వీట్‌కార్న్‌లో చెడినది వేరే జన్యువు, 'షుగరీ-1'. దాన్ని మీ రకం పక్కన వేస్తే తీపికేమీ ఢోకా ఉండదని చాలామంది అనుకుంటారు. కానీ ఒకదానిలో చెడినది రెండోదానిలో బాగానే ఉంటుంది కాబట్టి, రెండూ కలిసిన గింజ అచ్చం దాణా మొక్కజొన్నే అవుతుంది. రెండు తీపి పొలాల మధ్య చప్పటి పొత్తులు! కనుక పక్క పొలంలో దాణా మొక్కజొన్న ఉన్నా, పాత రకం స్వీట్‌కార్న్ ఉన్నా, కనీసం 250 మీటర్ల దూరం ఉండాలి. అది కుదరకపోతే, రెండు పొలాల్లో పూత వేర్వేరు సమయాల్లో వచ్చేలా విత్తడంలో రెండు మూడు వారాల తేడా చూసుకోండి. గట్టు అవతలి వారితో ముందే మాట్లాడుకోవడం అన్నిటికన్నా చవక.

ఈ గింజలో నిల్వ పిండి తక్కువ కాబట్టి మొలకకు బలం తక్కువ. చల్లటి, బురద నేలలో వేయవద్దు. రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుగా విత్తవద్దు. రాత్రంతా నానబెట్టవద్దు, ఒక్కసారిగా నీరు పీల్చుకుంటే లోపలి కణాలు దెబ్బతింటాయి. నానిన గింజ నుంచి కారే చక్కెరకు బూజు త్వరగా పడుతుంది కనుక విత్తనశుద్ధి (విత్తే ముందు గింజకు మందు పట్టించడం) తప్పనిసరి.

పోయిన పంటలోని గట్టి గింజలు దాచి ఉంటే కోళ్లకు వేయండి, విత్తనానికి వాడవద్దు. వాటిలో దాణా రకం జన్యువు కలిసిపోయింది. అవి మొలిచి, వాటిలో అవే పరాగసంపర్కం చేసుకుంటే, వచ్చే పొత్తుల్లో నాలుగింట మూడు గింజలు చప్పగానే ఉంటాయి.