ఫిన్లాండ్‌లో డిగ్రీ కోసం ప్లాటు అమ్మవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ 84 శాతం మార్కులతో పూర్తి చేశాడు. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాక, కోరుకున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు దొరకలేదు. ఒక కన్సల్టెన్సీ వారు ఫిన్లాండ్‌లోని ఓ చిన్న పట్టణంలో, అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో ఐటీ ఇంజినీరింగ్ డిగ్రీలో చేర్పిస్తామంటున్నారు. ఏడాదికి 10 వేల యూరోల ఫీజు. మొదటి ఏడాది మీరు కడితే చాలు, ఆ తర్వాత పార్ట్‌టైమ్ పని చేసి అబ్బాయే కట్టుకుంటాడు, చదువయ్యాక అక్కడే స్థిరపడతాడు అని చెబుతున్నారు. ప్లాటు అమ్మితే 30 లక్షలు వస్తాయి, పంపించేద్దామని మావారు పట్టుబడుతున్నారు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. నాకు ధైర్యం చాలడం లేదు. అంత చలిలో వాడు ఉండగలడా అని కూడా భయంగా ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: టీచర్ గారూ, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ లెక్క మీద ప్లాటు అమ్మకండి. ఫిన్లాండ్ చదువును నేను తప్పు పట్టడం లేదు. నాకు అభ్యంతరమల్లా ‘మొదటి ఏడాది కడితే చాలు’ అన్న మాట మీదే.

కాగితం, కలం తీసుకుని కూర్చోండి. ఫిన్లాండ్‌లో అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలలో ఇంజినీరింగ్ డిగ్రీ 240 క్రెడిట్లు, అంటే నాలుగేళ్లు. బిజినెస్ డిగ్రీలైతే 210 క్రెడిట్లు, మూడున్నరేళ్లు. ఫీజు ఏడాదికి 10 వేల యూరోలు. విద్యార్థి నివాస అనుమతి కోసం జీవన వ్యయం కింద నెలకు 800 యూరోల చొప్పున, ఏడాదికి 9,600 యూరోలు చూపించాలి. 2024 నవంబరుకు ముందు ఇది నెలకు 560 యూరోలే ఉండేది. రెండూ కలిపితే ఏడాదికి 19,600 యూరోలు. యూరోను వంద రూపాయలుగా వేసుకున్నా దాదాపు ఇరవై లక్షలు. నాలుగేళ్లకు 78 లక్షలు దాటుతుంది. విమానం టికెట్లు, బీమా, చలి దుస్తులు ఇందులో లేవు. మీ ప్లాటు డబ్బు ఒకటిన్నర ఏడాదికి సరిపోతుంది. రెండో ఏడాది సగంలో ఉన్న పిల్లవాడిని వెనక్కి పిలవలేరు, ముందుకు నడిపించడానికి డబ్బుండదు. వడ్డీ అప్పులు మొదలయ్యేది అక్కడే.

ఇక పార్ట్‌టైమ్ సంగతి. అక్కడ విద్యార్థులు వారానికి సగటున 30 గంటల దాకా పని చేయవచ్చు. 2022లో దీన్ని 25 గంటల నుంచి పెంచారు. కన్సల్టెన్సీలు ఈ ఒక్క అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. సరే, మీ అబ్బాయికి దిగిన మర్నాడే పని దొరికిందనుకుందాం. గంటకు 11 యూరోలు, ఏడాది పొడవునా ఒక్క వారం కూడా మానకుండా 30 గంటలూ చేశాడనుకుందాం. నెలకు 1,400 యూరోల చిల్లర. ఖర్చులకు 800 పోగా 600 మిగులుతుంది. ఏడాదికి 7,200. పన్ను సంగతి పక్కన పెట్టినా ఫీజుకు ఇంకా 2,800 తక్కువ. మరి చదువు ఎప్పుడు చదువుతాడు? అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు అంటే 1,600 గంటల శ్రమ అని లెక్క. కాలేజీ జరిగే నెలల్లో వారానికి నలభై గంటలు ఎటూ పోవు. దానికి ముప్పై కలిపితే డెబ్బై. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, మొదటిసారి ఇల్లు విడిచినవాడు, తన వంట తనే చేసుకుంటూ వారానికి డెబ్బై గంటలు కష్టపడాలన్నమాట. క్రెడిట్లు తగ్గితే చాలాచోట్ల రెండో ఏడాది నుంచి ఇచ్చే ఫీజు రాయితీ పోతుంది. చదువు సాగడం లేదని తేలితే నివాస అనుమతికే ముప్పు.

పైగా ఆ పని దొరకడమే కష్టం. కొన్నేళ్లుగా ఫిన్లాండ్‌లో నిరుద్యోగం ఎక్కువగా ఉంది. అక్కడి భాష ఫిన్నిష్ రానివారికి దొరికేవి క్లీనింగ్, ఆహారం డెలివరీ, తెల్లవారుజామున పత్రికలు వేయడం, హోటల్ వంటగదిలో సహాయం వంటివి. ఆ పనులకే హెల్సింకి, తంపేరె లాంటి నగరాల్లో విదేశీ విద్యార్థులు బారులు తీరి ఉన్నారు. మీరు రాసింది చిన్న పట్టణం. అక్కడ డెలివరీ తీసుకునే ఇళ్లే తక్కువ.

ఇంత చెప్పాక చదువు మంచిదన్న మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. అక్కడ ఉన్నత విద్యకు రెండు దారులున్నాయి. హెల్సింకి, ఆల్తో, తంపేరె, ఔలు, తుర్కు, ఎల్‌యూటీ వంటివి పరిశోధన ప్రధానంగా నడిచే విశ్వవిద్యాలయాలు. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు చేసి నేర్చుకునే పనికి, పరిశ్రమకు దగ్గరగా ఉండే చదువు చెబుతాయి. మెట్రోపోలియా, హాగా-హెలియా, సవోనియా, సెంట్రియా ఈ కోవలోవి. ఇవి ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలే, డిగ్రీకి విలువ ఉంది. ఇంటర్ తర్వాత ఆంగ్లంలో డిగ్రీ చదవాలనుకునేవారికి ఎక్కువగా దొరికేది వీటిలోనే.

పాఠం చెప్పే తీరు మన వాళ్లకు మొదట్లో వింతగా ఉంటుంది. అధ్యాపకుడిని పేరు పెట్టి పిలుస్తారు. హాజరు పట్టీ చేత్తో పట్టుకుని వెంటపడేవారు ఉండరు. నలుగురైదుగురు విద్యార్థులను ఒక జట్టు చేసి, ఊళ్లోని ఒక కంపెనీ ఇచ్చిన అసలు సమస్యను వాళ్ల ముందు పెడతారు. సమావేశానికి తేదీ మీరే అడగండి, పని మీరే పంచుకోండి, నెలాఖరుకు కంపెనీ వాళ్ల ఎదుట నిలబడి చెప్పండి అంటారు. కార్పొరేట్ కాలేజీలో ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చుని వచ్చిన పిల్లలకు ఇక్కడ కాళ్లు తడబడతాయి. చెప్పేవారు లేరు కదా అని మొదటి సెమిస్టర్ వదిలేసేవారు కొందరు, ఇన్నాళ్లకు ఊపిరి ఆడిందని దూసుకుపోయేవారు కొందరు. మీవాడు ఏ రకమో ఒక టీచరుగా మీకే బాగా తెలుసు.

మన తల్లిదండ్రులు అడగడం మరిచిపోయే విషయం ఇంకొకటుంది. అక్కడ క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. డిగ్రీలో 30 క్రెడిట్ల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. సుమారు అయిదు నెలల పని. దాన్ని విద్యార్థే వెతుక్కోవాలి. కాలేజీ సలహా ఇస్తుందే కానీ చేయి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టదు. ఇంటర్న్‌షిప్ చేసిన చోటే చాలామందికి మొదటి ఉద్యోగం దొరుకుతుంది కాబట్టి అసలు పరీక్ష అదే. అక్కడే భాష అడ్డం పడుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆంగ్లంతో నెట్టుకురావచ్చు, నిజమే. కానీ చిన్న పట్టణంలో ఇరవై మంది ఉన్న సంస్థలో మధ్యాహ్న భోజనం దగ్గర, కస్టమర్ ఫోనులో, ఉద్యోగ ప్రకటనలో అంతా ఫిన్నిష్. నామవాచకానికి పదిహేను విభక్తులున్న భాష అది. మన ఎనిమిది విభక్తులకే తల పట్టుకున్నవాళ్లం! అయినా నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు. మొదటి ఏడాది నుంచే పట్టుదలగా నేర్చుకోవాలి. మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ దొరకనప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టే. నర్సింగ్ లాంటి కోర్సులైతే ఇక చెప్పనక్కర్లేదు. పాఠం ఆంగ్లంలో చెప్పినా, రోగికి నొప్పి ఎక్కడో ఫిన్నిష్‌లోనే అడగాలి.

ఊరు కూడా చూసుకోవాలి. మనవాళ్లు కాలేజీ పేరు చూస్తారు, కానీ అక్కడ చుట్టూ ఏ పరిశ్రమ ఉందన్నదే ఎక్కువ పనికొస్తుంది. ఔలులో నోకియా వల్ల వైర్‌లెస్ సాంకేతికత, వాసాలో విద్యుత్ పరికరాలు, తుర్కులో నౌకా నిర్మాణం, తంపేరెలో యంత్రాలు, హెల్సింకి–ఎస్పో ప్రాంతంలో సాఫ్ట్‌వేర్, గేమింగ్. ఐటీ డిగ్రీకి ఐటీ లేని ఊరు ఎంచుకుంటే ఇంటర్న్‌షిప్ కోసం ఆరేడు గంటలు రైల్లో వెళ్లాల్సి రావచ్చు.

స్థిరపడటం గురించి రెండు మాటలు. డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల అనుమతి దొరుకుతుంది. మంచి సౌకర్యమే. అయితే పౌరసత్వానికి కావలసిన నివాస కాలాన్ని 2024 అక్టోబరులో అయిదేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు, భాషా పరీక్ష ఎలాగూ ఉంది. నిబంధనలు బిగుస్తున్నాయే తప్ప సడలడం లేదు. నాలుగేళ్ల తర్వాత ఏముంటుందో ఇవాళ హామీ ఇచ్చేవారి మాట నమ్మకండి.

కన్సల్టెన్సీ వారిని అడగవలసినవి అడగండి. వాళ్లు చేర్పిస్తామంటున్నది డిగ్రీలోనా, ‘పాత్‌వే’ కోర్సులోనా? పాత్‌వే అంటే డిగ్రీకి ముందు మెట్టు మాత్రమే, అక్కడ ఫీజు కట్టినంత మాత్రాన డిగ్రీలో సీటు వచ్చినట్టు కాదు. డిగ్రీ సీటైతే దానికి ఏజెంటు అవసరం లేదు. ఫిన్లాండ్ ప్రభుత్వ పోర్టల్ స్టడీఇన్ఫోలో ఏటా జనవరిలో ఉమ్మడి దరఖాస్తులు తీసుకుంటారు. ఒకే దరఖాస్తులో ఆరు కోర్సుల దాకా ఎంచుకోవచ్చు. మన విద్యార్థులకు దరఖాస్తు రుసుము 100 యూరోలు. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష. మీవాడు ఒక సాయంత్రం కూర్చుంటే దరఖాస్తు పూర్తవుతుంది. ‘బ్యాంకు బ్యాలెన్స్ మేమే చూపిస్తాం, పది రోజుల్లో వెనక్కి తీసుకుంటాం’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ డబ్బు విద్యార్థి సొంత ఖాతాలో ఉండాలి, అతను నిజంగా వాడుకోగలిగేదై ఉండాలి. నివాస అనుమతి ఇచ్చాక కూడా అక్కడి వలస శాఖ వారు తనిఖీ చేస్తారు. దొరికితే నష్టపోయేది కన్సల్టెన్సీ కాదు.

చలి గురించి మీరు భయపడినంత పడనక్కర్లేదు. ఇళ్లు, బస్సులు, తరగతులు అన్నీ వెచ్చగా ఉంటాయి. మంచి కోటు, బూట్లు అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలి, కరీంనగర్‌లో కొన్నవి ఆగవు. ఇబ్బంది పెట్టేది చీకటి. డిసెంబరు మూడో వారంలో హెల్సింకిలో పగలు ఆరు గంటలకు మించదు, ఔలులో నాలుగు గంటలు కూడా ఉండదు. మధ్యాహ్నం క్లాసు అయ్యేసరికి రాత్రి అయిపోతుంది. నవంబరులో కొందరు పిల్లలు గదిలోంచి బయటికి రావడం మానేస్తారు, ఫోనులో మాత్రం ఇంటికి ‘బాగున్నాను’ అంటారు. విద్యార్థుల ఆరోగ్య సేవా సంస్థ ఒకటి ఉంది, మానసిక వైద్యులు కూడా అందులో ఉంటారు. దానికి సెమిస్టరు రుసుము ఎలాగూ కడతారు కాబట్టి మొహమాటపడకుండా వాడుకోమని చెప్పండి. తిండికి లోటు రాదు. ప్రభుత్వ రాయితీతో క్యాంటీన్‌లో మూడు యూరోల అటూ ఇటుగా పూట భోజనం దొరుకుతుంది, శాకాహారం కూడా ఉంటుంది. ఆవకాయ మాత్రం ఇక్కడి నుంచే వెళ్లాలి.

మరి ఏం చేయమంటారు అంటారా? మీ పరిస్థితిలో నేనైతే అబ్బాయిని ఇక్కడే, దొరికిన కాలేజీలో బీటెక్‌లో చేర్పిస్తాను. బ్రాంచి కంప్యూటర్ సైన్స్ కాకపోయినా ప్రపంచం మునిగిపోదు, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్‌కు ఫిన్లాండ్‌లో మంచి ఆదరణే ఉంది. నాలుగేళ్లలో మార్కులు, ఒకటి రెండు మంచి ప్రాజెక్టులు, ఆంగ్లం మీద పట్టు సంపాదిస్తే మాస్టర్స్‌కు వెళ్లవచ్చు. అది రెండేళ్లే. అక్కడి విశ్వవిద్యాలయాలు ఇచ్చే స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు భారం తగ్గుతుంది. ప్రతిభావంతులకే వస్తుంది కానీ ప్రయత్నించదగినది. ఇరవై రెండేళ్ల వయసులో ఒక డిగ్రీ చేతిలో పెట్టుకుని వెళ్లినవాడికి ఇంటర్న్‌షిప్ అడిగే ధైర్యం వేరుగా ఉంటుంది. మీ ప్లాటు డబ్బు అప్పుడైతే రెండేళ్ల చదువులో పెద్ద భాగానికి సరిపోతుంది.

దీనికి మినహాయింపు ఒకటుంది. మీ ఇద్దరి జీతం, వ్యాపారం, విద్యా రుణం కలిపి, అబ్బాయి ఒక్క యూరో సంపాదించకపోయినా నాలుగేళ్లూ నడిపించగలిగితే, వాడికి నిజంగా ఆ దేశం మీద, ఆ కోర్సు మీద మనసుంటే పంపండి. పార్ట్‌టైమ్ సంపాదన దొరికితే చేతి ఖర్చుకు, అదనపు భరోసాకు. నేను వద్దనేది ఆ సంపాదన మీద ఫీజు కట్టే పథకాన్నే.

మీ ఉత్తరంలో మీవారి మాట ఉంది, కన్సల్టెన్సీ మాట ఉంది, మీ భయం ఉంది. అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. స్టడీఇన్ఫోలో ఆ కోర్సు పేజీ తెరిచి, మొదటి ఏడాది ఏయే సబ్జెక్టులున్నాయో, ఫిన్నిష్‌కు ఎన్ని క్రెడిట్లున్నాయో, ఆ ఊళ్లో ఏ కంపెనీలున్నాయో వాడినే రాసి తెమ్మనండి. వారం గడువివ్వండి. ఆ కాగితం వచ్చాక మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, అప్పుడు కావాలంటే నాకు మళ్లీ రాయండి.