టూసాన్ నుంచి డెమింగ్ దాకా: ఆర్వీ ఎక్కబోతున్న అమ్మాయికీ అల్లుడికీ

చి. ల. సౌ. మాధవికీ, అల్లుడుగారికీ ఆశీస్సులు.

మార్చి నెలాఖరులో అరిజోనాలోని టూసాన్‌లో ఆర్వీ, అదే పడకా వంటిల్లూ ఉండే ఇంటిబండి, అద్దెకు తీసుకుని న్యూ మెక్సికోలోని తెల్ల ఇసుకదిబ్బల పార్కు వైట్ శాండ్స్‌కి వెళ్తున్నామని నువ్వు పంపిన ప్లాన్ చూశాను. అంతా బాగానే ఉంది కానీ, మొదటి రోజే మూడు వందల పైచిలుకు మైళ్లు లాగించి సాయంత్రానికి అక్కడ దిగుతామనడం నాకు నచ్చలేదు. ఫోన్లో మ్యాప్ చూపించే ఐదు గంటలు కారు లెక్క. ఐ-10 హైవే మీద స్పీడ్ లిమిట్ గంటకి 75 మైళ్లున్నా, పాతిక అడుగుల బండిని మీరు 60, 62 దాటించకండి. పైగా అరిజోనాలో గడియారం మార్చరు, న్యూ మెక్సికోలో మారుస్తారు. మార్చి నెలాఖరంటే సరిహద్దు దాటగానే ఒక గంట పోయినట్టే. పోనీ ఎలాగో చేరారే అనుకుందాం, వైట్ శాండ్స్ పార్కులో ఆర్వీ పెట్టుకుని రాత్రి ఉండనివ్వరు. చీకట్లో ఇంకో చోటు వెతుక్కోవాలి.

అందుకని మొదటి రోజు న్యూ మెక్సికోలోని డెమింగ్ ఊరి దాకా చాలు. టూసాన్ నుంచి 215 మైళ్లు. అక్కడి నుంచి అరగంట పైకి వెళ్తే సిటీ ఆఫ్ రాక్స్ అని స్టేట్ పార్కు ఉంది. ఇళ్లంత రాళ్ల మధ్య బండి పెట్టుకోవచ్చు. కరెంటు ఉన్న చోట్లు కొన్నే, ఇప్పుడే బుక్ చేసుకోండి. పొద్దున్న ఏడింటికి బయల్దేరి, న్యూ మెక్సికో టైము నాలుగులోపు బండి ఆపేయాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ నెలల్లో అక్కడ గాలి మధ్యాహ్నం దాటాకే లేస్తుంది.

ఆర్వీకి అసలు శత్రువు ఎండ కాదు, గాలి. పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటేటప్పుడు ముందు మిమ్మల్ని అవతలికి నెడుతుంది, వెంటనే తనవైపు లాగుతుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. ముందురోజు రాత్రి వాతావరణ శాఖ సూచన చూడండి. గాలి విసురు గంటకి 40 మైళ్లు దాటుతుందంటే ఆ రోజు కదలొద్దు, క్యాంపు అద్దె ఇంకోరోజుకి కట్టినా సరే.

విల్‌కాక్స్ దగ్గరా, లార్డ్స్‌బర్గ్ దగ్గరా ఎండిపోయిన సరస్సులున్నాయి. ప్లాయా అంటారు. లార్డ్స్‌బర్గ్ దగ్గర రోడ్డు ఆ ప్లాయా మీదుగానే పోతుంది. అక్కడ దుమ్ము లేస్తే నిమిషంలో బానెట్ కూడా కనిపించదు, ప్రాణాలు పోయిన చోటది. ఎదురుగా గోధుమరంగు తెర కనిపిస్తే లోపలికి దూరకండి, ముందే ఎగ్జిట్ తీసుకోండి. అప్పటికే చిక్కుకుంటే రోడ్డు మార్జిన్ కూడా వదిలి వీలైనంత దూరం దిగి, హ్యాండ్ బ్రేక్ వేసి, లైట్లన్నీ ఆర్పేయండి. హజార్డ్ లైట్లు కూడా. బ్రేక్ మీంచి కాలు తీసేయండి. లైటు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు రోడ్డు అటే ఉందనుకుని సరాసరి వచ్చి గుద్దుతాడు. కూర్చున్న వాళ్లకి బెల్టు ఉండాలి. బండి నడుస్తుండగా వెనక్కి వెళ్లి టీ పెట్టడాలు, బాత్రూమ్‌లు వద్దు.

టిఫిన్‌కి బెన్సన్ దాటాక టెక్సస్ కెన్యన్ రెస్ట్ ఏరియాలో ఆగండి. పేరు టెక్సస్ కానీ ఉన్నది అరిజోనాలోనే. గుండ్రటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి, ఇళ్లు కట్టకముందు జూబ్లీహిల్స్ ఎలా ఉండేదో అలా.

ఇక వంట. పులిహోర, పెరుగన్నం ముందురోజే కలిపి పెట్టుకోండి. బండిలో వండుతామంటే స్టవ్ మీద ఫ్యాన్ వేసి, పైన వెంట్ తెరిచాకే పోపు పెట్టాలి. లేదంటే ఎండుమిర్చి వేగేలోపే అలారం మోగుతుంది. అది ఏ అలారమో చూసుకోండి. పైన ఉండేది పొగకి. నేల దగ్గర ఉండేది ప్రొపేన్‌కి, అంటే బండిలో వంటగ్యాసుకి, ఎందుకంటే ఆ గ్యాసు గాలికన్నా బరువు. అది మోగితే వాదన పెట్టుకోకుండా తలుపు తీసి బయటికి రావాలి. పప్పు గిన్నెలు కాగితంతో తుడిచాకే సింకులో వేయండి. సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకులో పప్పు, నూనె పోతే రెండోరోజుకి బండంతా కంపు. ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో ముందు టాయిలెట్‌ది, అంటే బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే వదలండి, అప్పుడు గొట్టం దానంతటదే కడుక్కుంటుంది. 30 ఆంప్స్ కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిపి పెడితే ట్రిప్పవుతుంది. పైన ఉండే ఏసీ బ్యాటరీ మీద నడవదు, జనరేటర్ కావాలి. పెట్రోలు పావు ట్యాంకుకి దిగితే చాలా బళ్లలో జనరేటర్ ఆగిపోతుంది. లార్డ్స్‌బర్గ్‌లో ఫుల్ చేయించండి, గ్యాలనుకి ఎనిమిది, పది మైళ్లకన్నా రాదు. బంకులోకి వెళ్లేముందు ప్రొపేన్ కట్టేయాలి.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసినది. ఏడేళ్లు దాటితే వేరే బండి అడగండి, మొహమాటపడొద్దు. తాగేనీళ్లు మనిషికి రోజుకో గ్యాలను, ట్యాంకు నీళ్లు కాకుండా.

రెండోరోజు లాస్ క్రూసెస్ దాటాక శాన్ అగస్టిన్ కనుమ 5,719 అడుగులు. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ కూర్చోకుండా తక్కువ గేరులో పెట్టండి. వైట్ శాండ్స్‌లో ఇసుక జిప్సమ్, ఎండలోనూ పెద్దగా కాలదు, చెప్పులు విప్పి నడవచ్చు. పక్కనే క్షిపణి పరీక్షల స్థలం కాబట్టి అప్పుడప్పుడు రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు. ముందురోజు పార్కు సైట్ చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. ప్రతి బండీ ఆపి అడుగుతారు. గ్రీన్ కార్డు ఉంటే అసలు కార్డు, లేకపోతే పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినప్పటి ఐ-94 రికార్డు ప్రింటు దగ్గరుండాలి. ఫోన్లో ఫోటో సరిపోదు. బెడ్ మీది అరలో సూట్‌కేసు అడుగున కాకుండా డాష్‌బోర్డులో పెట్టుకోండి.

డెమింగ్ చేరాక ఒక మెసేజ్ పెట్టండి. పార్కులో సిగ్నల్ అంతంతమాత్రమే.

మీ పెదనాన్న