ఐటీ జాబ్ వదిలి ఆర్మీ అంటున్నాడు, మరి పెళ్లి సంగతేంటి?

కోదాడ నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్లబ్బాయి బీటెక్ ఫైనల్ ఇయర్, క్యాంపస్‌లో జాబ్ వచ్చింది, కానీ సీడీఎస్ (డిగ్రీ వాళ్లకి ఆర్మీ ఆఫీసర్ పరీక్ష) రిటెన్ పాసై బెంగళూరులో ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూకి, వెళ్తానంటున్నాడట. "ఒక్కడే కొడుకు, ఎక్కడెక్కడో తిప్పుతారు, పిల్లనెవరిస్తారు, మా సూర్యాపేట సంతోష్ బాబు గారిని తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు" అన్నారు.

అమ్మా, ముందు ఆ భయం గురించే మాట్లాడదాం, అది వదిలేసి జీతం లెక్కలు చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏకి (ఇంటర్ తర్వాత చేరే సైనిక అకాడమీ) వెళ్లి, 2004లో 16 బిహార్ బెటాలియన్‌లో ఆఫీసరై, చివరికి అదే బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్‌గా ఉండగా 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో ప్రాణమిచ్చారు. మీవాడికి అలా జరగదని నేనే కాదు ఎవరూ మాటివ్వలేరు, ఇచ్చేవాళ్లని నమ్మకండి.

ఇక మొదటి ఏళ్ల సంగతి. ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) సీటొస్తే డెహ్రాడూన్‌లో ఏడాదిన్నర ట్రైనింగ్, నెలకి 56,100 స్టైపెండ్. ఆ టైంలో పెళ్లి చేసుకోకూడదు, చేసుకుంటే పంపించేస్తారు. తనంతట తనే మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కట్టాలి, కాబట్టి వెళ్లి చూస్తా నచ్చకపోతే వచ్చేస్తా అంటే కుదరదు. లెఫ్టినెంట్ అయ్యాక బేసిక్ అదే 56,100, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, ఫీల్డ్‌లో (బోర్డర్ లాంటి చోట్ల) ఉంటే ఆ అలవెన్సులు వేరే. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్.

అసలు కష్టం జీతంలో లేదమ్మా. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు యూనిట్‌కి వెళ్తాడు, చాలా యూనిట్లలో మొదటి కొన్ని వారాలు జవాన్ల బ్యారక్‌లోనే పడుకోబెడతారు, లంగర్‌లో (జవాన్ల మెస్‌లో) వాళ్లతోనే తినాలి, సిక్కు రెజిమెంట్ అయితే పంజాబీ, గూర్ఖాలైతే నేపాలీ, వాళ్ల భాష నేర్చుకోవాల్సిందే. తన తండ్రి వయసున్న, జవాన్‌గా చేరి పైకొచ్చిన సుబేదార్ సాబ్ సెల్యూట్ చేసి "సాబ్, ఏం చేద్దాం" అని అడుగుతాడు, జవాబు ఇతనే చెప్పాలి. ఏ జవాన్ ఇంట్లో ఎవరికి బాలేదు, ఎవరిని ముందు లీవ్ మీద పంపాలి, అన్నీ ఇతనే చూసుకోవాలి. మనోడు మీకు రోజూ ఫోన్ చెయ్యకపోతే మర్చిపోయాడనుకోకండి, కొన్ని పోస్టుల్లో సిగ్నలే ఉండదు.

పెళ్లి గురించి నా మాట, మొదటి ఫీల్డ్ పోస్టింగ్ అయ్యేదాకా ఆగండి, కెప్టెన్ అయ్యాక, ఇరవై ఏడు దగ్గర్లో. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 20 రోజుల క్యాజువల్ లీవ్ రూల్ ప్రకారం ఉంటాయి గానీ బోర్డర్‌లో ఏదైనా అయితే ఆపేస్తారు. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి నిశ్చితార్థం రెండుసార్లు వాయిదా పడింది, ఆ అమ్మాయి వాళ్లకి ముందే అన్నీ చెప్పారు కాబట్టి నిలబడింది, లేకపోతే ఆ సంబంధం అక్కడితో పోయేది. లీవ్ శాంక్షన్ కాకుండా ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ కట్టొద్దు. అమ్మాయి ఉద్యోగం గురించి కూడా ఆలోచించండి, రెండు మూడేళ్లకోసారి ఊరు మారుతుంది, టీచర్‌కో ఇంటి నుంచి పనిచేసే అమ్మాయికో సర్దుకోవడం కొంచెం తేలిక, మిగతావాళ్లకి కష్టమే, ఆ మాట పెళ్లిచూపుల్లోనే చెప్పేయాలి. ఫీల్డ్ పోస్టింగ్ అంటే భార్యాపిల్లలు వేరే ఊళ్లో ఉండటమే, వాళ్లకి క్వార్టర్స్ ఇస్తారు గానీ ఇంట్లో ఆయన ఉండడు.

మీకు మరీ బెంగగా ఉంటే షార్ట్ సర్వీస్ ఉంది, పదేళ్లు, ఇష్టమైతే ఇంకో నాలుగు. పెన్షన్ రాదు, కానీ ముప్పై అయిదు లోపు బయటికొచ్చి వేరే కెరీర్ చూసుకోవచ్చు.

ఒక్క పని చెయ్యండి. ఆఫర్ లెటర్ ఇప్పుడే వదులుకోవద్దని చెప్పండి, ఎస్ఎస్‌బీలో రికమెండ్ అయినా మెడికల్, మెరిట్ లిస్ట్ ఇంకా ఉంటాయి, జాయినింగ్ లెటర్ చేతికొచ్చాక చూసుకోవచ్చు. బెంగళూరు వెళ్లేలోపు అతన్ని కూర్చోబెట్టి మీ భయం మొత్తం చెప్పండి, అతను చెప్పేది కూడా వినండి. ఇంటర్వ్యూలో మీ ఇంట్లో ఏమంటున్నారని అడిగే అవకాశం ఎక్కువ, అప్పుడు నిజమే చెప్పేలా ఉండాలి అతను.