అనాన్సీ నోట్లో పంతులు మాటలు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు కథలూ రాత్రే చదివేశా. ఫోన్‌లో టెన్షన్‌గా ఉందన్నావు కదా, అందుకే ముందే చెప్పేస్తున్నా, బాగున్నాయి. రోజూ నలభై మంది పిల్లల ముందు నిలబడేవాడివి, వాళ్లెక్కడ ఆవలిస్తారో నీకు నేను చెప్పాలా. కానీ ఒక్క విషయంలో నీతో గొడవ పడాలి.

కరీబియన్ దీవి జమైకా జానపద కథల్లోని టక్కరి సాలీడు అనాన్సీని తరగతిలోకి తెచ్చావు, సంతోషం. మరి మూడు కథల చివరా ‘కాబట్టి పిల్లలూ, ఎవరినీ మోసం చేయకూడదు’ అని ఎందుకు పెట్టావు? అప్పటిదాకా కథలో ఉన్న పిల్లాడు ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి మళ్లీ బెంచీ మీదకొచ్చి పడతాడు.

జమైకా కవయిత్రి లూయిస్ బెన్నెట్‌ని వెతికి చదువు. జమైకాలో అందరికీ మిస్ లూ. 1919లో కింగ్‌స్టన్‌లో పుట్టింది, 2006లో పోయింది. చిన్నప్పుడు విన్న అనాన్సీ కథల గురించి ఆవిడ ఒక మాట రాసింది. కథ అయిపోగానే పిల్లలంతా ‘జాక్ మాండోరా, మి నో చూజ్ నన్’ అనాలట. జాక్ మాండోరా అంటే స్వర్గం గుమ్మం దగ్గర కాపలావాడు. అనాన్సీ చేసిన వెధవ పనులతో మాకేం సంబంధం లేదు నాయనా అని అతనితో చెప్పుకోవడమన్నమాట. మన కథ కంచికెళ్తుంది, మనం ఇంటికెళ్తాం, వాళ్ల కథ మాత్రం స్వర్గం గుమ్మం దాకా వెళ్లి సంజాయిషీ ఇచ్చుకుని వస్తుంది! నువ్వు రాసిన నీతి వాక్యం చేయాల్సిన పని ఆ మాట ఎప్పుడో చేసేసింది, అదీ పిల్లల నోటితోనే. నీ వాక్యం కొట్టేసి ఆ మాట పెట్టు, నలభై మందీ ఒక్కసారి అరవనీ, పక్క క్లాసు టీచరు వచ్చి తిడితే తిట్టనీ.

ఇంకోటి. ఈ సాలీడు ఆఫ్రికాలోని ఘనా నుంచి, అకాన్ జనం కథల్లోంచి, బానిసల ఓడల్లో జమైకా చేరాడు. చెరకు తోటల్లో కొరడా కింద బతికినవాళ్లు, బలం లేని చిన్న ప్రాణి బలవంతుణ్ణి బురిడీ కొట్టించే కథ ఎందుకు చెప్పుకుని నవ్వుకున్నారో ఆలోచించు. అలాంటి కథకి మోసం తప్పు అని తోక తగిలిస్తే మనం తెలియకుండానే దొరగారి పక్కన నిలబడినట్టే. అలాగని వాణ్ణి హీరోని చేసెయ్యకు, వాడు తిండిపోతు, సోమరి, పెళ్లాంపిల్లల తిండి కూడా కొట్టేసే రకం.

నీ పాము కథే తీసుకో. ఊళ్లో అన్నీ పులి పేరు మీదే ఉన్నాయి, కథలైనా తన పేరు మీద ఉండాలని అనాన్సీ అడుగుతాడు, పామును ప్రాణాలతో పట్టుకురమ్మంటుంది పులి. (జమైకాలో పులులు లేవు, కథలో మాత్రం ఉంటాయి, అది సరిదిద్దాలని చూడకు.) నువ్వు దీన్ని నాలుగు లైన్లలో ముగించేశావు. అసలు రుచంతా వెదురు బొంగు దగ్గరుంది కదా! నీకంటే వెదురే పొడుగంటున్నారు అని పామును రెచ్చగొట్టడం, కొలుద్దాం రమ్మని పక్కన పడుకోబెట్టడం, నేను తల వైపు వెళ్తే నువ్వు పైకి జరుగుతావేమో, తోక కట్టేయనా అని ఎంతో న్యాయంగా అడగడం, ఇంకొంచెం సాగు, ఇంకొంచెం అంటూ నడుము కట్టడం, పాము కళ్లు మూసుకుని ఒళ్లంతా సాగదీసినప్పుడు తల కట్టేయడం. అక్కడ ఆగు. ఒక పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి తాడుతో ఆడించు. పాము ఎందుకు నమ్మిందో నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్లే కొట్టుకుంటారు.

ఇక భాష. మిస్ లూ చిన్న వయసులో ఒకరోజు నీటుగా తయారై ట్రామ్ ఎక్కిందట. అక్కడ బుట్టలతో కూర్చున్న సంతాడవాళ్లలో ఒకావిడ, అదిగో షోకుల మనిషి వస్తోంది, చోటివ్వకుండా పరుచుకుని కూర్చో అని పక్కావిడకి తన పాత్వా యాసలోనే, అంటే జమైకా జనం మాట్లాడుకునే భాషలోనే చెప్పింది. ఆ మాటే ఈవిడ మొదటి యాస పద్యమైంది. బళ్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి భాషే కాదన్న రోజులవి. యాసను చంపేయాలన్నవాళ్లకి ఇంకో పద్యంలో జవాబిచ్చింది, అలాగైతే ఇంగ్లీషు కవితా సంకలనం లోంచి తమ యాసలో రాసుకున్న చాసర్‌నీ, బర్న్స్‌నీ, షేక్స్‌పియర్‌ని కూడా బోలెడంత చింపేయాలి మరి అని. ఆవిడ పద్యాల పుస్తకం ‘జమైకా లాబ్రిష్’ 1966లో వచ్చింది, దొరికితే వదలకు, కాకపోతే కళ్లతో చదవకు, పైకి చదువు.

నీ అనాన్సీ ‘నేను మిక్కిలి ఆకలితో ఉన్నాను’ అంటున్నాడు. ఏ సాలీడు అంటుందిరా అలా? నా మొదటి పిల్లల కథలో మా అమ్మ మాట ‘ఏటిరా’ అని రాస్తే పత్రిక వాళ్లు ‘ఏమిటిరా’ అని దిద్ది వేశారు, అచ్చయిందన్న సంబరంలో నేనూ నోరు మూసుకున్నా. అమ్మకి చదివి వినిపిస్తే ‘ఈవిడెవరి అమ్మరా’ అంది. జమైకా కథల్లో అనాన్సీకి నత్తి కూడా ఉంటుంది, మీ పిల్లల యాస, ఆ నత్తి, రెండూ కలిపి చూడు. అయితే ఊరు మార్చకు. వాళ్లు తినే యామ్ మన పెండలమే, అలాగే రాయి, కానీ జమైకా కొండని తెచ్చి గోదావరి గట్టు మీద పెట్టకు.

ఇంకో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో అయితే కథ చెప్పేవాడు ‘క్రిక్’ అంటే వినేవాళ్లు ‘క్రాక్’ అంటారు. మన ఊ కొట్టడమే అనుకో, కాస్త గట్టిగా. అది మొదట్లో వాడుకో.

పాము కథ మాత్రం మళ్లీ రాసి ఆదివారంలోగా పంపు. మిగతా రెండూ ముట్టుకోకు, వాటి గురించి ఇంకా చాలా తిట్లున్నాయి, ఫోన్లో చెప్తా.

మీ అన్నయ్య