స్విచ్‌లు, రౌటర్ల కాన్ఫిగరేషన్ ఫైళ్లను చూసుకోవడానికి కమాండ్ లైన్‌లో ఏ సాధనాలు వాడాలి?

మీ స్విచ్‌లు, రౌటర్ల కాన్ఫిగరేషన్ ఫైళ్లు తేదీల పేర్లున్న ఫోల్డర్లలో పోగుపడ్డాయనీ, ఏ లైను ఎప్పుడు మారిందో తేల్చలేకపోతున్నాననీ, దీనికి కమాండ్ లైన్ సాధనాలు ఏమున్నాయనీ అడిగారు. సిస్కో, జూనిపర్ పరికరాలతో పాటు కొన్ని లినక్స్ రౌటర్లు కూడా ఉన్న నెట్‌వర్క్‌ను నేను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఆ అనుభవంతో చెప్పాలంటే, ఫైళ్లను పరికరాల నుంచి తెచ్చుకోవడం పెద్ద పనేమీ కాదు. తెచ్చిన రెండు ప్రతుల మధ్య నిజమైన మార్పు మాత్రమే కంటికి కనబడేలా చేయడమే అసలు పని, సాధనాన్ని ఎంచుకోవలసిందీ దాన్ని బట్టే.

ఈ పనికి చాలా కాలంగా వాడుకలో ఉన్నది రాన్సిడ్. పరికరాల పేర్లు, రకాలు ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెడితే, పనులను వేళకు నడిపించే క్రాన్ ద్వారా నిర్ణీత వేళల్లో అది ఒక్కొక్క పరికరంలోకి లాగిన్ అయి, కాన్ఫిగరేషన్ తెచ్చి, పాత ప్రతితో పోల్చి, తేడాను మెయిల్‌లో పంపుతుంది. అయితే దాని విలువ తేవడంలో కన్నా వడకట్టడంలోనే ఎక్కువగా ఉంది. ఉదాహరణకు, ఐఓఎస్ (సిస్కో సొంత ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే పాత సిస్కో పరికరాల్లో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసుకునే పద్ధతి) క్లాక్ పీరియడ్ అనే లైను గడియారం సర్దుబాటును బట్టి ఎవరూ ముట్టుకోకుండానే మారిపోతూ ఉంటుంది. ఇలాంటి లైన్లను రాన్సిడ్ ముందే తీసేస్తుంది. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవారు తరచూ వదిలేసేది ఈ భాగాన్నే, ఫలితంగా ప్రతి పూటా పనికిరాని తేడాలతో మెయిళ్లు వచ్చి, కొన్నాళ్లకు వాటిని తెరిచి చూసేవారే ఉండరు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం నేను ఆక్సిడైజ్డ్‌నే సూచిస్తాను. ఇది రూబీలో రాసినది, ఫైళ్లను నేరుగా గిట్‌లో (ప్రతి మార్పునూ చరిత్రగా దాచే సాధనం) భద్రపరచగలదు, వేరే అమరిక చేయకపోతే 3600 సెకన్లకు ఒకసారి పరికరాలను పలకరిస్తుంది. దానికి తెలియని పరికరం ఎదురైతే, ఏ కమాండ్లు పంపాలో, ఏ లైన్లు తీసేయాలో చెప్పే చిన్న మోడల్ ఫైలు రాస్తే సరిపోతుంది. ఇప్పటికే రాన్సిడ్ సజావుగా నడుస్తున్న చోట దాన్ని మార్చవలసిన అవసరం నాకైతే కనబడలేదు.

ఫైళ్లు గిట్‌లోకి చేరాక మీ ప్రశ్నకు సగానికి పైగా జవాబు దొరికినట్లే. గిట్ లాగ్ కమాండుకు పెద్ద ఎస్ (-S) ఆప్షన్‌తో ఒక ఐపీ చిరునామానో, యాక్సెస్ లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో చెప్పే జాబితా) పేరునో ఇస్తే, అది ఏ కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదైన మార్పు) చేరిందో, ఏ కమిట్‌లో పోయిందో చూపిస్తుంది. మీ పాత ఫోల్డర్లను కూడా పారేయకండి. తేదీల వరుసలో ఒక్కొక్కదాన్నీ, కమిట్‌కు ఆనాటి తేదీనే ఇస్తూ చేర్చుకుంటే గత చరిత్ర కూడా అందులోకి వస్తుంది. మరొక చిక్కు ఉంది. షట్‌డౌన్ అన్న లైను కొత్తగా చేరిందని డిఫ్ (రెండు ఫైళ్ల తేడా చూపే కమాండు) చెబుతుంది గానీ, అది ఏ ఇంటర్‌ఫేస్ (పరికరంలోని పోర్టు వంటిది) కిందిదో పక్కనున్న మూడు లైన్లలో లేకపోవచ్చు. సిస్కో ఫైళ్లలో ఇంటర్‌ఫేస్ పేరు ఎడమ అంచునే మొదలై, దాని కింది లైన్లు ఒక ఖాళీ వదిలి ఉంటాయి కాబట్టి, గిట్ ఆ పేరును మార్పు శీర్షికలో దానంతటదే చూపిస్తుంది. మామూలు డిఫ్‌కైతే పెద్ద ఎఫ్ (-F) ఆప్షన్ ఇచ్చి చెప్పాలి. జూనిపర్ ఫైళ్లను డిస్‌ప్లే సెట్ (ప్రతి అమరికనూ ఒక్కో పూర్తి కమాండుగా చూపే) రూపంలో దాచుకుంటే ప్రతి లైనూ తన పూర్తి దారితో వస్తుంది, ఈ ఇబ్బందే ఉండదు.

ఈ ఫైళ్లలో పాస్‌వర్డులు కూడా ఉంటాయి కాబట్టి, వాటిని దాచిన గిట్ రిపాజిటరీ (భాండారం) ఎవరికి కనబడుతుందో తప్పక చూసుకోండి. సిస్కో ఫైళ్లలో టైప్ 7 అనే బలహీనమైన పద్ధతిలో మరుగుపరచిన పాస్‌వర్డులను ఎవరైనా క్షణాల్లో విప్పగలరు. రాన్సిడ్, ఆక్సిడైజ్డ్ రెండూ పాస్‌వర్డులను తీసేసి ఫైళ్లను భద్రపరచగలవు, కానీ అలా పాస్‌వర్డులు తీసేసిన ప్రతిని పాడైన పరికరంలోకి ఉన్నదున్నట్లు తిరిగి ఎక్కించలేరు. అందుకే నేను పూర్తి ప్రతిని, అనుమతులు బిగించిన వేరే సర్వరులో ఉంచుతాను.

ఇక మార్పులను పరికరంలోకి పంపడం గురించి క్లుప్తంగా చెబుతాను. బ్యాట్‌ఫిష్ వంటివి కాన్ఫిగరేషన్‌ను ముందే విశ్లేషించి, ఏ ట్రాఫిక్ ఆగిపోతుందో చెప్పగలవు గానీ, చిన్న నెట్‌వర్క్‌కు అది మోయలేని బరువనిపిస్తుంది. దానికన్నా, మార్పు వల్ల మీ లాగినే తెగిపోతే పరికరం దానంతటదే వెనక్కి వచ్చే ఏర్పాటు ముఖ్యం. జూనిపర్‌లో మార్పును అమలుచేసేటప్పుడు కమిట్ కన్‌ఫర్మ్‌డ్ అనే కమాండు ఇస్తే, 10 నిమిషాల్లో మీరు మళ్లీ ధ్రువీకరించకపోతే పాత కాన్ఫిగరేషన్ తిరిగి వస్తుంది. ఉబుంటు సర్వర్లలో నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండు ఇదే పనికి 120 సెకన్ల గడువిస్తుంది. సిస్కో ఐఓఎస్‌లో పాత పద్ధతి రీలోడ్ ఇన్: గడువు ముగిసేలోగా మీరు రీలోడ్ క్యాన్సిల్ ఇవ్వకపోతే పరికరం రీబూట్ అయి, చివరిసారి భద్రపరచిన స్టార్టప్ కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. కాబట్టి అంతా సరిగా ఉందని చూసుకునే దాకా మార్పులను స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లో భద్రపరిచే రైట్ మెమొరీ కమాండు కొట్టకూడదు.