ఎఫ్‌జేఆర్ 1300: మామూలు మోడలా, ఈఎస్ మోడలా? మొదట వెనక షాక్ సంగతి తేల్చుకోండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "డాలస్ దగ్గర ఉంటాం. యమహా ఎఫ్‌జేఆర్ 1300 బైక్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. 2014 ఈఎస్ (ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉన్నది) ఒకటి, 2017 మామూలు మోడల్ (1300ఏ) ఒకటి దాదాపు ఒకే రేటుకి దొరుకుతున్నాయి. వారమంతా నేనొక్కడినే ఆఫీసుకి, నెలకోసారి భార్యతో కలిసి లాంగ్ రైడ్. ఇద్దరం కలిపి 150 కిలోలుంటాం. అందరూ టాప్ ఎండ్ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?"

2017 మామూలు మోడల్ తీసుకోండి. కొన్నాక దాని వెనక షాక్ (షాక్ అబ్సార్బర్) మార్పించండి. ఈ రెండు బళ్ల మధ్యే అయితే నా మాటలో మార్పు లేదు. అదే 2016 తర్వాతి ఈఎస్ దొరికితే మాత్రం మీ వాడకానికి దాన్ని మించింది లేదు. ఎందుకో చెబుతాను.

ఎఫ్‌జేఆర్‌లో ట్రిమ్ (మామూలుదా, ఈఎస్సా అన్నది) కన్నా ముందు చూడాల్సింది ఏ సంవత్సరం బండి అన్నది. 2013లో క్రూజ్ కంట్రోల్, ట్రాక్షన్ కంట్రోల్, స్పోర్ట్-టూరింగ్ మోడ్‌లు వచ్చాయి. 2014లో అమెరికాకి ఈఎస్ వచ్చింది. 2016లో వచ్చిందే అసలు మార్పు: ఐదు గేర్లు పోయి ఆరు గేర్లయ్యాయి, గేరు దించినప్పుడు వెనక చక్రం పట్టేయకుండా చూసే స్లిప్పర్ క్లచ్ వచ్చి లివర్ తేలికైంది, హెడ్‌లైట్ ఎల్‌ఈడీ అయింది. ఇవి రెండు ట్రిమ్‌లకీ కలిపి ఇచ్చారు. ఐ-35 హైవే మీద గంటకి 75 మైళ్ల దగ్గర కూర్చుంటే ఆ ఆరో గేరు విలువ తెలుస్తుంది. ఆర్‌పీఎం తగ్గుతుంది, హ్యాండిల్‌లో సన్నటి వణుకు తగ్గుతుంది, మూడు గంటల తర్వాత వేళ్లు తిమ్మిరెక్కవు. షాక్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్‌ని తెచ్చి బిగించుకోలేం. ఇంకొకటి, వంపులో లోపలి వైపుకి వెలుగు పడే కార్నరింగ్ లైట్లు ఈఎస్‌కే ఉన్నా, అవీ 2016 నుంచే. మీరు చూస్తున్న 2014 బండికి అవి లేవు. అంటే 2014 ఈఎస్‌లో మీకు అదనంగా దక్కేది సస్పెన్షన్ ఒక్కటే.

ఆ సస్పెన్షన్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఎలక్ట్రానిక్ అనగానే గుంట రాగానే దానంతటదే మెత్తబడుతుంది, మలుపులో గట్టిపడుతుంది అనుకుంటారు. ఎఫ్‌జేఆర్ ఈఎస్ అలా చేయదు. రోడ్డుని చూసి తనే సర్దుకునే రకం కాదది. మామూలు మోడల్‌లో చేత్తో తిప్పే పనిని ఇక్కడ చిన్న మోటార్లు చేస్తాయి. మీరు బటన్ నొక్కితేనే మారుతుంది. నొక్కకపోతే సంవత్సరమంతా ఒకే సెట్టింగ్‌లో ఉంటుంది. ఈఎస్ కొని ఒక్కసారి కూడా ఆ మెనూలోకి వెళ్లనివాళ్లు ఎంతోమంది.

ఆ మెనూలో ఉండేవి ఇవీ. లోడుకి నాలుగు బొమ్మలు: ఒక్కరు, ఒక్కరు ప్లస్ సామాను, ఇద్దరు, ఇద్దరు ప్లస్ సామాను. డాంపింగ్‌కి (స్ప్రింగ్ ఊపుని అదుపు చేసే పట్టు) హార్డ్, స్టాండర్డ్, సాఫ్ట్ అని మూడు, ఒక్కోదాంట్లో మళ్లీ ప్లస్ మూడు నుంచి మైనస్ మూడు దాకా మెట్లు. అన్నీ గుణిస్తే 84. ప్రకటనల్లో ఆ 84నే ఊదరగొట్టారు. నిజానికి విలువంతా ఆ నాలుగు బొమ్మల్లోనే ఉంది. డాంపింగ్ బండి నడుస్తుండగానే మార్చుకోవచ్చు. లోడు బొమ్మ మార్చాలంటే మాత్రం బండి ఆగి ఉండాలి, ఇంజన్ ఆన్‌లో ఉండాలి. ఆ నాలుగు బొమ్మలూ వెనక స్ప్రింగ్‌కే. ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) ప్రీలోడ్‌ని, అంటే స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సెట్టింగ్‌ని, ఈఎస్‌లో కూడా రెంచి పెట్టి చేత్తోనే తిప్పాలి. అది మోటారే చూసుకుంటుందని కొందరు ముట్టుకోనే ముట్టుకోరు. ఇద్దరు కూర్చున్నాక బ్రేకు వేస్తే ముందు భాగం ఇంత కూలిపోతోందేమిటని తర్వాత తల పట్టుకుంటారు.

మామూలు మోడల్‌లో వెనక ప్రీలోడ్‌కి ఉన్నది ఒకే ఒక్క లివర్. ఎడమ పక్క, సీటు కింద. హార్డ్, సాఫ్ట్, అంతే. ఒక్కరే వెళ్తే సాఫ్ట్ చాలు. ఇద్దరూ నిండు బాక్సులతో బయల్దేరితే హార్డ్ కూడా చాలదు. మామూలు మోడల్ బలహీనత మొత్తం ఇక్కడే ఉంది, కార్నరింగ్ లైట్లు పక్కనపెడితే మిగతా అన్నిటా అది ఈఎస్‌కి సాటే. మీ సంగతే లెక్కేద్దాం. ఇద్దరూ 150. సైడ్ బాక్సుల్లో చెరో పది వేసుకుంటే 170. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు, నీళ్ల సీసాలు కలిపితే 180 దాటుతుంది. టాప్ బాక్స్ పెట్టించారా, అది వేరే. ముందు మాన్యువల్ తీసి గరిష్ఠ లోడు ఎంత రాశారో, ఆ తర్వాత బాక్సు లోపలి స్టికర్ మీద ఎంత రాశారో చూసుకోండి.

కొలవడం ఎలాగో కాస్త వివరంగా చెబుతాను. ఇది తెలిస్తే ట్రిమ్ గురించిన గొడవ సగం తీరిపోతుంది. బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టండి. వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, సస్పెన్షన్ పూర్తిగా సాగి ఉంటుంది. వెనక యాక్సిల్ మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, టెయిల్ ప్లాస్టిక్ మీద చిన్న టేపు ముక్క అంటించి, ఆ రెండిటి మధ్య దూరం మిల్లీమీటర్లలో రాసుకోండి. తర్వాత స్టాండ్ తీసి, బాక్సులు నింపి, ఇద్దరూ హెల్మెట్, జాకెట్, బూట్లతో ఎక్కి కూర్చోండి, కాళ్లు ఫుట్‌పెగ్‌ల మీద పెట్టి. మూడో మనిషి ముందు నుంచి హ్యాండిల్ పట్టుకోవాలి, నాలుగో మనిషి కొలవాలి. వెనక భాగాన్ని ఒకసారి నొక్కి వదిలాక ఒక కొలత, ఎత్తి వదిలాక ఒక కొలత తీసి సగటు తీయండి. మొదటి దూరంలోంచి ఇది తీసేస్తే వచ్చేది మీ బరువుకి బండి ఎంత కూర్చుందో చెబుతుంది.

ఎఫ్‌జేఆర్ వెనక ప్రయాణం మొత్తం 125 మిల్లీమీటర్లు. అందులో మూడో వంతు, అంటే 40 దగ్గర కూర్చుంటే చాలా బాగుంది. 50 దాకా ఫర్వాలేదు. 60 దాటిందంటే సగం ప్రయాణం మీరు ఎక్కి కూర్చోగానే ఖర్చయిపోయినట్టే. ఇక హైవే మీద కాంక్రీట్ పలకల అతుకు వచ్చిన ప్రతిసారీ షాక్ అడుగు తగులుతుంది. ఆ దెబ్బ ముందు కూర్చున్నవాళ్లకి ఒకటి తగిలితే, వెనక కూర్చున్నవాళ్ల నడుముకి రెండు తగులుతాయి. వెనక దిగబడితే ముందు లేస్తుంది, హ్యాండిల్ బరువెక్కి మలుపు తిరగడానికి మొండికేస్తుంది, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. టెక్సస్‌లో లీకీ నుంచి మెడీనా వైపు వెళ్లే 337 రాంచ్ రోడ్ లాంటి చోట మలుపులో కొంచెం వాలగానే పెగ్ రోడ్డుకి రాసుకుంటుంది. దీనికి చాలామంది బండిని తిడతారు, టైర్లని తిడతారు. తప్పు స్ప్రింగ్‌ది.

ఇప్పుడు అసలు లెక్క. వారమంతా ఒక్కరే, నెలకోసారి ఇద్దరూ అంటే మీ లోడు పదేపదే మారుతుంది. ఈఎస్ సరిగ్గా అలాంటివాళ్ల కోసమే పుట్టింది. గ్యారేజీలో ఇంజన్ స్టార్ట్ చేసి, ఇద్దరు ప్లస్ సామాను బొమ్మ ఎంచుకుని, మోటారు పని ముగించేదాకా ఆగి, అప్పుడు ఎక్కడమే. మామూలు మోడల్‌లో ఇదే సుఖం కావాలంటే, మీ బరువు చెప్పి స్ప్రింగ్ వేయించుకున్న ఆఫ్టర్‌మార్కెట్ షాక్, దానికి చేత్తో తిప్పే హైడ్రాలిక్ ప్రీలోడ్ నాబ్ ఉండాలి. పెన్‌స్కే, ఓలిన్స్, విల్బర్స్ లాంటివాళ్ల దగ్గర చూడొచ్చు. వెయ్యి డాలర్ల పైమాటే. కానీ దాని స్ప్రింగ్ మీ ఒంటి బరువుకి కట్టిందవుతుంది, అరిగితే విప్పి సీల్, ఆయిల్ మార్చి మళ్లీ బిగిస్తారు. బండి అమ్మేటప్పుడు పాత షాక్ పెట్టేసి దీన్ని విడిగా అమ్ముకోవచ్చు. ముందు ఫోర్క్‌కి కూడా మీ బరువుకి తగ్గ స్ప్రింగ్‌లు, కొత్త ఫోర్క్ ఆయిల్ వేయించండి. మామూలు మోడల్‌ది 48 మిల్లీమీటర్ల పాతకాలపు ఫోర్క్, ఏ మంచి మెకానిక్ అయినా విప్పగలడు.

ఈఎస్ ఫోర్క్ వేరు. 43 మిల్లీమీటర్ల తలకిందుల ఫోర్క్, ఒక కాలు కంప్రెషన్ (నొక్కుకోవడం) చూసుకుంటుంది, ఇంకో కాలు రీబౌండ్ (తిరిగి సాగడం) చూసుకుంటుంది, వాటిలో మోటార్లు, పైకి వచ్చే వైర్లు. సీల్ మార్చడానికి కూడా ఆ వైర్ల సంగతి తెలిసినవాడే కావాలి. వెనక షాక్ పోతే ఎలక్ట్రానిక్ షాక్ కొత్తది కొనడమో, దాన్ని తీసి మామూలుది పెట్టి మీటర్లో ఎర్రర్ భరించడమో చేయాలి. వయసు మీద పడిన బండికి ఇది చిన్న ఖర్చు కాదు. అందుకే 2014 ఈఎస్‌కి నేను ఓటేయను.

"టాప్ ఎండ్ తీసుకో, మళ్లీ బాధపడకు" అనే సలహా మనవాళ్లలో కారుకీ అదే, ఫోనుకీ అదే, బండికీ అదే. బండి విషయంలో ఆ సలహా ఇచ్చేవాళ్లు వెనక సీటు మీద యాభై మైళ్లు కూర్చుని చూడాలి. రివ్యూలు చేసేవాళ్లు కూడా ఒక్కరే, ఖాళీ బాక్సులతో, మంచి రోడ్డు మీద తిప్పి రెండు ట్రిమ్‌లకీ తీర్పు ఇచ్చేస్తారు. ఇద్దరు కూర్చుని కొలిచిన అంకె ఒక్కటీ కనబడదు. డీలర్ దగ్గరైతే ఇంకో తంతు: బండి రేటు మీద బేరమాడి తగ్గించుకున్నదంతా డాక్యుమెంట్ ఫీజు అనీ ఇంకోటనీ కాగితం చివర్లో మళ్లీ ఎక్కిస్తారు. టైటిల్, పన్ను అన్నీ కలిపి చేతికొచ్చే మొత్తం రాసిచ్చాకే ట్రిమ్‌ల మధ్య రేటు పోల్చండి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. మన గ్రూప్ రైడ్‌లలో నడిపే ఆయనకి తోలు జాకెట్టు, గ్లవ్స్, బూట్లు అన్నీ ఉంటాయి. వెనక కూర్చున్న ఆవిడకి పల్చటి కుర్తీ, గాలికి ఎగిరే చున్నీ, స్లిప్పర్లు. చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో ఆంధ్రా, తెలంగాణల్లో పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. టెక్సస్‌లో 21 దాటినవాళ్లు బైక్ శిక్షణ కోర్సు చేసినా, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా చట్టం హెల్మెట్ విషయంలో వదిలేస్తుంది. రోడ్డు వదలదు. షాక్ కొనే డబ్బులోంచి ముందు ఆవిడకి సొంత హెల్మెట్, మోచేతులకీ వీపుకీ ప్యాడ్‌లున్న మెష్ జాకెట్, చీలమండ కప్పే బూట్లు కొనండి. షాక్ నెల ఆగుతుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ఏ ట్రిమ్ అయినా ఈ పనులు చేయండి. ఫోర్క్ గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని గట్టిగా నాలుగైదుసార్లు నొక్కండి. గొట్టం మీద నూనె వలయం కనబడితే సీల్ పోయింది. 26,600 మైళ్లకి వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వ్‌ల సందు) చెక్ చేయించారా, బిల్లుందా అడగండి. లేదంటే ఆ ఖర్చు రేటులోంచి తీయండి. షాఫ్ట్ డ్రైవ్ కాబట్టి చైన్ గోల లేదు, కానీ వెనక గేర్ ఆయిల్ (ఉండేదే 200 మిల్లీలీటర్లు) ఎప్పుడు మార్చారో, టైరు మార్చినప్పుడు స్ప్లైన్లకి (డ్రైవ్‌ని చక్రానికి కలిపే పళ్లు) గ్రీజు పెట్టారో లేదో అడగండి. గ్రీజు ఎండిపోతే స్ప్లైన్లు నిశ్శబ్దంగా అరిగిపోతాయి. టైరు మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి, అవి చదవండి.

ఈఎస్ అయితే అదనంగా: టేపుతో వెనక ఎత్తు కొలిచి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్కరు బొమ్మ నుంచి ఇద్దరు ప్లస్ సామానుకి మార్చండి. మోటారు సన్నగా గుయ్యిమంటూ తిరగాలి, బొమ్మ మినుకు ఆగాక వెనక లేచి ఉండాలి. మళ్లీ వెనక్కి మార్చితే దిగాలి. చప్పుడు వచ్చి ఎత్తు మారకపోతే, లేదా బొమ్మ మినుకుతూనే ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. డాంపింగ్ సాఫ్ట్‌లో ఒకసారి, హార్డ్‌లో ఒకసారి వెనక భాగం నొక్కి చూడండి, చేతికి తేడా తెలియాలి.

టెస్ట్ రైడ్‌కి ఇద్దర్నీ పంపమని డీలర్లు సాధారణంగా ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా మీ ఇంటావిడని తీసుకెళ్లండి. టైరు గాలి వెనక 42 పీఎస్‌ఐ ఉందో లేదో చూసి, ఇద్దరూ ఆగిన బండి మీద ఎక్కి కూర్చోండి, పైన చెప్పినట్టు టేపు పెట్టి కొలవమనండి. 2017 బండిలో లివర్ హార్డ్‌లో పెట్టాక కూడా 60 దాటితే కొత్త షాక్ డబ్బు పక్కన పెట్టుకునే అడ్వాన్స్ ఇవ్వండి.