చెట్ల పేర్లు తెలియని వాళ్లు పిల్లల్ని ప్రకృతిలో ఆడించే పనికి పనికొస్తారా?

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ. పిల్లల్నీ వాళ్ల అమ్మానాన్నల్నీ ఆరుబయటికి తీసుకెళ్లి ఆడించే బృందంలో వాలంటీర్‌గా చేరాలనుంది. కానీ రావికీ మర్రికీ తేడా కూడా సరిగా చెప్పలేను, అక్కడికెళ్లి ఏం చేస్తాను, ఎవరైనా అడిగితే ఏం చెబుతాను అన్నారు.

చేరండి. నగరానికి పడమటి వైపున ఇలాంటి ఒక చిన్న బృందంతో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మాలో ఎక్కువమందికి వచ్చిన కొత్తలో పది మొక్కల పేర్లు తెలియవు. నిలబడ్డవాళ్లందరిలో కనిపించింది ఓపిక. ఒక పిల్ల చీమలబారు దగ్గర అరగంట కూర్చుంటే, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోగలిగారు. పేర్లు తర్వాత వాటంతట అవే వస్తాయి.

నిజానికి అన్నీ తెలిసినవాళ్లతోనే ఒక చిక్కు ఉంది. పిల్లవాడు ఆకు తెచ్చి చూపించగానే వాళ్లు పేరు, కుటుంబం, ఉపయోగాలు అన్నీ చెప్పేస్తారు. వాడు తలూపి ఆకు అక్కడే పడేసి వెళ్లిపోతాడు. అదే "నాకూ తెలియదు, నలిపి వాసన చూద్దామా?" అంటే అక్కడే కూలబడతాడు. నలుపుతాడు, వాసన చూస్తాడు, ఇంకో ఆకు తెచ్చి పోలుస్తాడు. తినడం మాత్రం వద్దని ముందే చెప్పాలి, దాని సంగతి కింద రాస్తాను. "తెలియదు" అని ధైర్యంగా అనగలిగితే సగం పని వచ్చినట్టే.

మిగతా సగం పెద్దవాళ్లతో. కొత్తగా వచ్చిన అమ్మానాన్నల నోట మొదటి గంటలో ఎక్కువగా వినిపించేవి "ముట్టుకోకు", "బట్టలు పాడవుతాయి", "పడతావు, దిగు". వాళ్లని తప్పుపట్టను. అపార్ట్‌మెంట్‌లో పెంచుతున్నప్పుడు ఆ భయాలన్నీ సహజమే, పైగా పిల్లవాడికి జలుబు చేస్తే రాత్రంతా మేల్కొనేది వాళ్లే. అలాంటివాళ్లకి ఉపన్యాసం ఇస్తే మళ్లీ రారు. నేను చేసేది, రాగానే వాళ్లకో పని అప్పజెప్పడం. ఈ బండ అంచున నిలబడి చూసుకోండి, ఈ పాత చీర ఆ రెండు కొమ్మలకి కట్టి గుడారం వేయండి, బకెట్‌తో నీళ్లు పట్టండి అంటాను. చేతులకి పని దొరికితే నోరు కాస్త ఆగుతుంది. ఒక నాన్నగారు వచ్చినప్పటి నుంచీ ఫోన్‌లోనే ఉన్నారు. మట్టిలో చిన్న కాలవ తవ్వుతున్న పిల్లలకి నీళ్లు పోసే పని ఆయనకి ఇచ్చాం. కాసేపటికి ప్యాంటు మడిచి, అడ్డుకట్ట ఎక్కడ వేయాలో కూతురితో వాదిస్తున్నారు. తర్వాత ఆయనే మాకు వాలంటీర్ అయ్యారు.

అమ్మమ్మలనీ తాతయ్యలనీ తప్పకుండా రమ్మనండి. రావి ఆకు చుట్టి బూర ఊదడం, తాటాకుతో గిరక చేయడం, గుంటలు తవ్వి చింతపిక్కలతో వామనగుంటలు, రాళ్లతో అచ్చంగాయలు ఇవన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. విదేశాల్లో మట్టి వంటగది అని బడుల్లో ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తున్నది మన బువ్వాలాటే. పాత గిన్నెలు, గరిటెలు, కొబ్బరి చిప్పలు పెట్టి ఊరుకుంటే చాలు, నాలుగేళ్ల పిల్లలు ఉదయమంతా మట్టి అన్నం వండుకుంటారు. పెద్దవాళ్లు చూపించే ఆటల్లో ఒకదానికి మాత్రం మేం ఒప్పుకోం. తూనీగ తోకకి దారం కట్టి ఎగరేయడం. "మా చిన్నప్పుడు అందరం చేశాం" అని వాళ్లు అంటారు, నిజమే. నెమ్మదిగా, పిల్లల ముందు వాళ్లని చిన్నబుచ్చకుండా, ఇక్కడ చేయట్లేదండీ అని చెబుతాం.

ఇప్పుడు చోటు గురించి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. కొత్తవాళ్లకి మొదట గుర్తొచ్చేది కేబీఆర్ పార్క్. అది 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన చోటు, దాదాపు 390 ఎకరాలు. నెమళ్లు కనిపిస్తాయి, పొద్దున్నే పక్షుల గోల బాగుంటుంది. కానీ జాతీయ ఉద్యానంలో కొమ్మ విరవకూడదు, మట్టి తవ్వకూడదు, ఏదీ ఇంటికి తీసుకెళ్లకూడదు. ఆ నియమాలు ఉండి తీరాలి. అమీన్‌పూర్ చెరువూ అంతే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు, చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. అవి చూడటానికి వెళ్లాల్సిన చోట్లు. ఆటకి కావాల్సింది తవ్వుకోవడానికి, కట్టుకోవడానికి, కూలగొట్టడానికి వీలున్న మామూలు చోటు. కాలనీ వెనకున్న ఖాళీ స్థలం, బడి మైదానంలో ఒక మూల, ఎవరిదైనా మామిడితోట. యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ముందురోజు మీరొకసారి వెళ్లి గాజుముక్కలు, సూదులు, మూతలేని గుంతలు ఉన్నాయేమో నడిచి చూడండి. మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరికీ కనిపించనిది ఈ నడకే.

ఆ చోటు మార్చకండి. ప్రతి ఆదివారం కొత్త చోటు చూపించాలని బృందాలకి ఉత్సాహం ఉంటుంది, ఫొటోలు కూడా బాగుంటాయి. కానీ ఒకే చోటుకి ఏడాది పొడుగునా వెళ్తే పిల్లలకి దానిమీద హక్కు పుడుతుంది. మా చోటు చెబుతాను. ఏప్రిల్, మే ఎండల్లో అక్కడ ఎర్రమట్టి, రాళ్లు, ఎండుగడ్డి తప్ప ఏమీ ఉన్నట్టుండదు. పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించేస్తాం. జూన్‌లో వానలు పడ్డాక, ఆరుద్ర కార్తె వచ్చేసరికి, అదే నేలమీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. మొదటిసారి చూసిన పిల్లల కేకలు వినాలి! ఒకప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం. ఇప్పుడు అరచేతిలో కాసేపు నడిపించి, ఎక్కడ దొరికిందో అక్కడే వదలమంటాం. ఆ తర్వాత గిజిగాళ్లు ఈతచెట్లకి గూళ్లు అల్లడం మొదలుపెడతాయి. దూరం నుంచి చూస్తే చాలు. జిల్లేడు ఆకుల కింద చారల గొంగళిపురుగులు ఉంటాయి, నారింజ రంగు సీతాకోకచిలుకలు అయ్యేవి అవే. బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు. ఆ వారం పువ్వులు ఎవరు ఎక్కడ కోసుకొచ్చారో పిల్లలే చెప్పుకుంటారు. సంక్రాంతికి రేగుపళ్లు, హోళీ ముందు మోదుగ పూలు. ఒకే చెట్టుని ప్రతి వారం గమనించి ఆకు, పువ్వు, కాయ వివరాలు రాసిపెట్టే సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమం ఉంది. పది దాటిన పిల్లలకి ఉత్త ఆట విసుగొస్తుంది, వాళ్లకి ఇలాంటి బాధ్యత ఇస్తే నిలబడతారు.

ఐదారేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వయసు వాళ్లకి మీరు పెద్దగా ఏమీ చేయనక్కర్లేదు. తాళ్లు, కర్రలు, పాత దుప్పట్లు ఇచ్చి పక్కకి జరగండి. ఒక తెల్లగుడ్డ పొద కింద పరిచి కొమ్మని మెల్లగా ఊపితే రాలే పురుగుల్ని భూతద్దంతో చూడటం వాళ్లకి ఎంతసేపైనా చాలదు. గొడవలు వస్తాయి. కర్ర నాదంటే నాదంటారు. ఒకరినొకరు కొట్టుకునేదాకా వెళ్లకపోతే కాస్త ఆగండి, చాలావరకు వాళ్లే తేల్చుకుంటారు. బండ ఎక్కేటప్పుడు "జాగ్రత్త" అని అరవడం కన్నా "నీ కుడికాలు ఇప్పుడు ఎక్కడ పెడదామనుకుంటున్నావు?" అని అడగండి. వాడు ఆగి చూసుకుంటాడు. మీరు ఎత్తి ఎక్కించకండి. తనంతట తాను ఎక్కగలిగిన ఎత్తునుంచి పిల్లవాడు సాధారణంగా దిగగలడు, మీరు ఎక్కించిన ఎత్తునుంచి దిగలేడు.

ప్రమాదాల విషయంలో మాత్రం నేను చాలా కఠినంగా ఉంటాను. చెరువు దగ్గర ఎవరూ నీళ్లలోకి దిగరు, మోకాలి లోతు కూడా. బండల సందుల్లో, రాళ్ల కుప్పల్లో చేతులు పెట్టకూడదు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అన్నీ ఉన్నాయి. ఎవరికైనా పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ చోటు ఆ రోజుకి వదిలేయాలి, రాళ్లు విసిరే చేతులు ఎప్పుడూ ఉంటాయి. మొక్కల్లో ముందుగా నేర్చుకోవాల్సినవి ఇవి: ఎర్రగా నల్లగా ముద్దొచ్చే గురివింద గింజలు, ఉమ్మెత్త కాయలు, గన్నేరు, పచ్చగన్నేరు. నాలుగూ విషమే, పైగా గన్నేరుని అపార్ట్‌మెంట్ గోడల వెంట అందానికి పెంచుతారు. దురదగొండి, వయ్యారిభామ కూడా గుర్తుపట్టగలగాలి. వయ్యారిభామతో కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఆయాసం పెరుగుతుంది. చూశారా, మీకు అత్యవసరంగా తెలియాల్సిన మొక్కలు ఆరే. ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

ఇంకొకటి, దీనిగురించి మాట్లాడటానికి జంకుతారు కానీ మాట్లాడాలి. మీరు వాళ్లకి కొత్త మనిషి. ఏ పిల్లతోనూ ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. బాత్రూమ్‌కి వాళ్ల ఇంటివాళ్లే తీసుకెళ్లాలి. ఫొటోలకి ముందుగా అడగాలి, గ్రూపుల్లో పెట్టే ముందు ఇంకోసారి అడగాలి. మంచి బృందం ఈ నియమాల్ని మీకు మొదటిరోజే చెబుతుంది, మీ గుర్తింపు పత్రాలు కూడా అడుగుతుంది. అడగని బృందంలో చేరొద్దని నా సలహా.

పక్కనే భవనం కడుతున్న కూలీల పిల్లలు గేటు దగ్గర నిలబడి చూస్తుంటారు. ఒడిశా నుంచో, పాలమూరు నుంచో వచ్చిన కుటుంబాలు. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి వాళ్లనీ రానివ్వమని మీ బృందాన్ని అడగండి. చెట్టు ఎక్కడంలో, కట్టెలు కట్టడంలో వాళ్లకున్న నేర్పు చూసి మా కాలనీ పిల్లలు వెంటపడి నేర్చుకున్నారు. భాష రాకపోయినా కోతికొమ్మచ్చికి అడ్డు రాలేదు. ఫీజు పెట్టి ఈ పిల్లల్ని బయట ఉంచే కార్యక్రమాలు పెరుగుతున్నాయి. నాకు అది బాధగా ఉంటుంది. ఆకాశం, మట్టి, వాన నీళ్లు టికెట్ కొన్నవాళ్లకే అంటే ఎలా?

"ఆదివారం ట్యూషన్ పోతుందండీ" అనే తల్లిదండ్రులకి ఒక మాట చెప్పొచ్చు. చిన్నపిల్లల్లో దగ్గరచూపు సమస్య విపరీతంగా పెరిగిన తైవాన్, 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడిపింది. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. కళ్లజోడు మాట వస్తే వింటారు, నేను చాలాసార్లు చూశాను.

మీరు నేర్చుకోవాలనుకుంటే చోట్లు ఉన్నాయి. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన డెక్కన్ బర్డర్స్ వాళ్లతో పక్షులు చూడటానికి వెళ్లొచ్చు. 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు మన బండల మధ్య నడకలు పెడతారు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్ మీద పిల్లలు జారుడుబండ ఆడుతున్నారని తెలిస్తే మీకే వేరుగా అనిపిస్తుంది. ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ పక్షి కూతని విని పేరు చెబుతుంది. కానీ ఆట జరుగుతున్నప్పుడు ఫోన్ సంచిలోనే ఉండాలి. ఇంటికెళ్లాక వెతుక్కోండి, వచ్చే వారం పిల్లలకి చెప్పండి. ఈలోపు ఆ జెముడుకాకికి వాళ్లు పెట్టిన పేరు ఇంకా బాగుంటుంది.

మొదటి ఆదివారం పెద్ద బాధ్యత ఏదీ ఒప్పుకోకండి. వచ్చినవాళ్ల పేర్లు రాయడం, వెళ్లేటప్పుడు లెక్క సరిచూడటం, గిన్నెలు కడగడం ఇలాంటివి అడిగి తీసుకోండి. మాసినా పర్వాలేదనుకునే ఫుల్ చేతుల చొక్కా, బూట్లు, రెండు సీసాల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోండి. నెలకి రెండు ఆదివారాలే వీలైతే రెండే చెప్పండి, చెప్పినవి మానకండి. పిల్లలు మీకోసం ఎదురుచూడటం మొదలుపెడతారు, చెప్పి రాకపోతే వాళ్లకి కష్టంగా ఉంటుంది. మీరు ఉండేది నగరంలో ఏ వైపో ఇక్కడ రాస్తే, ఆ దగ్గర్లో ఆటకి పనికొచ్చే చోట్లు నాకు తెలిసినవి చెబుతాను.